తపాలాసంచిలో నడచిన సంగీతము



సంగీతమనగానే మన కన్నులకు దోచునది నలుగురు గూడి కూర్చున్న కచేరి. గాయకురాలి మొగమును మృదంగమువారు చూచుచుందురు. వయొలినువారు ఆమె పెదవి కదలికను కనిపెట్టుచుందురు. ఒకరి యూపిరి మరియొకరికి అందుచుండును. అట్లెదురెదురుగ కూర్చుండక, వందల వేల మైళ్ల యెడమున నున్నవారు తలకొక ముక్క పాడి యొక పాటనే కాదు, ఒక పాటల మాలనే తయారుచేసిరని చెప్పినచో, మన యిండ్లలోని పెద్దవారు "అది పాటయా, అతుకుల బొంతయా?" అని యడుగుదురు. బొంతయన్నను తప్పులేదు. చక్కగా కుట్టిన బొంత చలిని గాచును గదా! ఆ బొంతను కుట్టు విధానమునుగూర్చియే యీ మాసము నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఈ సంగతి మనకేల యని కొందరు తలంపవచ్చును. గృహమందలి స్త్రీలకు దీనితో సంబంధము చాల గలదు. ఒక తల్లికి నలుగురు కూతుండ్రున్నచో, పెండ్లిండ్లయిన పిమ్మట ఆమె నేర్పిన పాటయు నాలుగూళ్లకు చెదరిపోవును. పెద్దదానికి మొదటి భాగము కంఠస్థమై యుండును; రెండవదానికి నడిమి చరణములు; కడగొట్టుదానికి మంగళము మాత్రము జ్ఞప్తియందుండును. అందరము గూడినప్పుడు పాడుకొందమని యనుకొందురు. అందరు గూడు దినము శుభకార్యపు దినమై యుండును. ఆనాడు వంటలు, వడ్డనలు, పసిపిల్లల యేడ్పులు, వియ్యాలవారి మర్యాదలు. పాటకు తీరిక దొరకదు. ఇట్లేండ్లు గడచును. పాట యెరిగిన పెద్దదిక్కు ఒకనాడు కన్నుమూయును. కావున దూరముననుండియే కలసి పాడు నుపాయము మనకు వేడుక మాత్రమే కాదు, అవసరమును.

ముందుగా 'ఆల్బము' అను మాటను వివరింతము. తొలినాటి గ్రామఫోను పళ్లెము ఒక్కొక్క వైపున మూడు నాలుగు నిమిషముల పాటను మాత్రమే పట్టెడిది. అట్టి పళ్లెములు కొన్నింటిని, ఫొటోల పుస్తకమువలె సంచులు కుట్టిన అట్టలలో నుంచి యమ్ముటచే దానికా పేరు వచ్చెను. తరువాత పెద్ద రికార్డులు, టేపులు, సీడీలు వరుసగా వచ్చినను పేరు నిలిచిపోయెను. ఊరక కొన్ని పాటలను ప్రోగుచేయుట ఒక రీతి. అన్ని పాటలకును ఒక్క కథనో ఒక్క భావమునో సూత్రముగ గూర్చుట మరియొక రీతి. ఈ రెండవదానిని ఆంగ్లేయులు కాన్సెప్టు ఆల్బమందురు. అమెరికా గాయకుడు వుడీ గత్రీ 1940లో 'డస్ట్ బౌల్ బాలడ్స్' అను పేర, కరవుచేతను దుమ్ముగాలులచేతను పొలములు విడిచి వలసపోయిన రైతుల బాధను పాటల వరుసగా వెలువరించెను. ఈ తరగతిలో తొలివానిలో నొకటిగా దాని నెన్నుచున్నారు.

మనకిది క్రొత్త కాదు. మునిపల్లె సుబ్రహ్మణ్యకవిగారి అధ్యాత్మరామాయణ కీర్తనలు 104. రాగములు వేరు, తాళములు వేరు, దారము మాత్రము రామకథ యొక్కటియే. త్యాగరాజస్వామివారి నౌకాచరిత్రమందు గోపికలు కృష్ణునితో పడవ యెక్కినది మొదలు ఒడ్డు చేరువరకు పాటలతోడనే కథ నడచును. పేరు పరాయిదైనను వస్తువు మన యింటిదే. క్రొత్తదేమనగా, ఇట్టిదానిని చేయువారు ఒక్క చోట నుండనక్కరలేదనుట.

ఇందుకు మేలైన యుదాహరణము అమెరికా పడమటి తీరమున జరిగినది. లాస్ ఏంజిలిస్ నగరమున జిమ్మీ టాంబొరెల్లో యను నతడు విద్యుద్యంత్రములతో సంగీతము గూర్చువాడు. అచ్చటికి సుమారు 1,500 కిలోమీటర్ల యుత్తరమున సియాటిల్ నగరమున బెన్ గిబర్డు అను గాయకుడు గిటారుల బృందముతో పాడుచుండెడివాడు. ఒకరిది యంత్రముల టకటక, మరియొకరిది తీగల మెత్తదనము. 2001లో టాంబొరెల్లో వెలువరించిన యొక ఆల్బమున గిబర్డు ఒక్క పాట పాడెను. ఆ పొత్తు ఇరువురకును రుచించెను. అట్టి పాటలతోడనే యొక ఆల్బము నింపుదమని సంకల్పించిరి. కాని యిరువురకును వేరువేరు వ్యాపకములు, ఊళ్లు దూరము. అప్పుడు వారికి దోచినది తపాలా.

పద్ధతి యిట్టిది. టాంబొరెల్లో తన గదిలో వాద్యభాగమును గూర్చి, డిజిటల్ టేపుపై నెక్కించి తపాలాలో బంపును. గిబర్డు దానిని పలుమారులు విని, మాటలు వ్రాసి, వరుస గట్టి, తన గొంతును జేర్చును. అంతటితో నూరకుండక, వచ్చిన వాద్యభాగమును తనకు దోచినట్లు కత్తిరించి, ముందుదానిని వెనుకకును వెనుకదానిని ముందుకును మార్చి, గిటారు మొదలగువానిని చేర్చి, మరల తపాలాలోనే త్రిప్పి పంపును. పొట్లము పోవుటకు కొన్ని దినములు, వచ్చుటకు కొన్ని దినములు. ఈ రాకపోకలలో పాట పెరిగెను. జెన్నీ లూయిస్, జెన్ వుడ్ అను గాయనీమణు లిరువురు తమ కంఠములను జేర్చిరి. విడిపోయిన యువతీయువకులు తమలో తాము వాదించుకొను సంవాదగీత మొకటి యందులో గలదు; 'నన్ను మరల జేరుము' అని యతడు వేడును, 'జరిగినది తలచుకొనుము' అని యామె బదులు చెప్పును. ఆ స్త్రీపాత్రను పాడినది జెన్ వుడ్.

ఇట్లు కూడిన 10 పాటలు 2003 ఫిబ్రవరిలో 'గివ్ అప్' అను పేర వెలువడినవి. పాటలు తపాలాలో నడచినవి గావున జోడుకు 'ది పోస్టల్ సర్వీస్', అనగా తపాలాశాఖ యనియే పేరు పెట్టుకొనిరి. ప్రచురించినది సియాటిల్ నగరమందలి సబ్ పాప్ అను స్వతంత్రసంస్థ. పెద్ద కంపెనీల యాడంబర మేమియు లేదు. ఐనను వినినవారు మరియొకరికి చెప్పుటచేతనే అమ్మకము మెల్లమెల్లగా పెరిగి కొన్ని యేండ్లలో 10 లక్షల ప్రతులను దాటెను. ఆ సంస్థ ప్రచురణలలో నిర్వాణ బృందమువారి 'బ్లీచ్' అను నొక్క ఆల్బము దప్ప దీనికంటె నెక్కువ యమ్ముడుపోయినది లేదు.

ఇందులో నొక వినోదము గలదు. 2003 ఆగస్టులో అమెరికా తపాలాశాఖవారు వీరికొక తాఖీదు పంపిరి: 'ఈ పేరు మాది, మీరు వాడరాదు' అని. వివాదము పెరుగునని యెల్లరు తలచిరి. కాని సంప్రదింపుల పిమ్మట తపాలాశాఖవారు పేరు వాడుకొనుటకు అనుమతించిరి. అందులకు బదులుగా వీరు తపాలా వాడుకను జనులకు జ్ఞప్తిచేయవలెను. పోస్టుమాస్టరు జనరలుగారి వార్షిక సమావేశమున నొకసారి పాడవలెను. 2004లో అట్లే పాడిరి. తపాలాశాఖవారు తామే ఆ ఆల్బమును అమ్మిరి. ఉత్తరములు కరవగుచున్న కాలమున, తపాలా నమ్ముకొని పాట కట్టినవారిని శత్రువులుగ జూచుట తగదని యా పెద్దలకు దోచెనేమో! ఉభయులకును మర్యాద దక్కినది.

తపాలా మెల్లగ నడచును. ఇంటర్నెట్టు వచ్చినపిమ్మట ఆ యాలస్యము తీరినది. అందులకు సాక్ష్యము 2004లో వెలువడిన 'కనెక్టెడ్' అను ఆల్బము. దీనిని జేసినవారిలో ఫాంటే యను నతడు అమెరికాలోని నార్త్ కెరోలైనా రాష్ట్రమువాడు. తాళమునకు మాటలను వడివడిగ నొప్పించు హిప్‌హాప్ పాటకాడు. నికొలే యను నతడు యూరపులోని నెదర్లాండ్సు దేశీయుడు, వాద్యభాగములు కూర్చువాడు. నడుమ అట్లాంటికు మహాసముద్రము. ఇంటర్నెట్టు ద్వారా పరిచయమై, దాని ద్వారానే ముక్కలు ఇచ్చిపుచ్చుకొని ఆల్బమును ముగించిరి. ముగించునప్పటికి వీరొకరి మొగ మొకరు ప్రత్యక్షముగ జూచి యుండలేదు. జోడునకు 'ది ఫారిన్ ఎక్స్చేంజ్' అని పేరు. అనగా విదేశీ మారకము. 2008లో వచ్చిన వీరి రెండవ ఆల్బములోని యొక పాట గ్రామీ బహుమానమునకు ప్రతిపాదింపబడెను. ఆ పాటలో మూహ్సినా యను గాయనియు పాడినది. పిమ్మట వీరు తమ ప్రచురణసంస్థను తామే నెలకొల్పుకొనిరి. ఎవరి గడప నెక్కక, ఎవరి యనుమతికై వేచియుండక, తమ పాటను తామే లోకమునకు జూపుటయే స్వతంత్రతయొక్క యర్థము.

ఇచ్చట నొక సందేహము పుట్టును. ఇంటర్నెట్టు క్షణములో నడచును గదా. ముక్కలు ముక్కలుగ నేల పంపవలెను? వీడియో కాలులో నెదురెదురుగ గూర్చుండి యేకకాలమున నేల పాడరాదు? ప్రయత్నించి చూచిన సోదరీమణులు దీని నెరుగుదురు. రెండవ యావృతము ముగియకమునుపే తాళము తప్పును. కారణమును మా పంతులుగారు పలకపై లెక్కవేసి చూపిరి. శబ్దము గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు నడచును. పది మీటర్ల దూరమున నున్నవారి చప్పట్లు మనకు సెకనులో నూరింట మూడు పాళ్ల యాలస్యముతో వినవచ్చును. సంగీతజ్ఞులు సుమారుగ నంతవరకే యోర్చుకొనగలరు. మించినచో ఒకరికొరకొకరు నిదానించి పాట సాగిలబడును. గాజుతీగెలలో వెలుగు సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు నడచును. మన దేశమునుండి అమెరికాకు 13,000 కిలోమీటర్లనుకొన్నను, పోవుటకే నూరింట ఆరున్నర పాళ్లు; వచ్చుటకు మరల నంత; నడుమ నున్న యంత్రముల యాలస్యము వేరు. వెలుగునకంటె వేగముగ నేదియు నడవదు గావున ఈ యాలస్యమును పూర్తిగ దీర్చువారు లేరు. అందుచే దూరపు సంగీతము కచేరి వంటిది కాదు, ఉత్తరము వంటిది. ఒకరు ముగించి యిచ్చిన పిమ్మటనే మరియొకరు మొదలుపెట్టవలెను.

ఉత్తరము వంటిదగుటయే దీనికి మేలును జేసినది. ఎదుట నున్నవారికి వెంటనే జవాబు చెప్పవలెను. ఉత్తరమునకు ఆలోచించి వ్రాయవచ్చును. వంట ముగిసి, పిల్లలు నిద్రించిన పిమ్మట ఒక గంట దొరకినను చాలును. నచ్చనిచో చెరిపివేసి మరల పాడవచ్చును. మొదటి తప్పును చూచి నవ్వువా రుండరు. ఇరువురకు గాక పదిమందికిని ఈ పద్ధతి సరిపోవునా యందురేని, సరిపోవును. కాని అప్పుడు ముందే నిశ్చయించిన కథయు, నొక సూత్రధారుడును గావలెను.

నెదర్లాండ్సు దేశమందలి ఆర్యన్ లూకసెన్ 'ఏరియాన్' అను పేరుతో 2004లో వెలువరించిన 'ది హ్యూమన్ ఈక్వేషన్' అట్టిది. కథ యిది: ఒక గృహస్థు కారు ప్రమాదమున దెబ్బతిని స్మృతిదప్పి ఆసుపత్రిలో పడియుండును. ప్రక్కన భార్యయు, ప్రాణస్నేహితుడును గూర్చుండి యుందురు. 20 దినములు, దినమున కొక్క పాట చొప్పున 20 పాటలు. వెలుపల కదలిక లేదు. లోపల మాత్రము అతని భయము, క్రోధము, వివేకము, గర్వము, వేదన, ప్రేమ మొదలగునవి ఒక్కొక్కటి మనుష్యరూపమున వచ్చి పాడును. ఊర్మిళాదేవి నిద్ర వేరు, ఈతని నిద్ర వేరు. ఈతడు నిద్రలోనే తన తప్పుల లెక్క చూచుకొనుచుండును. మనలో ప్రబోధచంద్రోదయమును చదివినవారికి వెంటనే యందలి వివేకుడును మహామోహుడును తలపునకు వత్తురు. పదునొకండవ శతాబ్దిలో కృష్ణమిశ్రుడు సంస్కృతమున నాటకముగ వ్రాసినదానిని తెలుగున కావ్యముగ జేసినవారు నంది మల్లయ, ఘంట సింగన యను జంటకవులు. అదియు ఇరువురు గూడి చేసిన పనియే!

ఆ ఆల్బమున పాడినవారు 11 మంది. గృహస్థుడుగ పాడినవాడు కెనడావాడు. భార్యగ పాడిన మార్సెలా బోవియో మెక్సికో దేశీయురాలు. ప్రేమగ పాడిన హెదర్ ఫిండ్లే ఇంగ్లాండుది. భయముగ పాడినవాడు స్వీడనువాడు. అందరు నొక్కనాడు నొక్కచోట గుమిగూడి పాడినది కాదు; ఎవరి పాత్రను వారు వేరుగ బాడగా లూకసెన్ దానిని కూర్చెను. బరువైన గిటారుల ప్రక్కన వేణువును, వయొలినును, పల్లెపదముల పోకడలును గలవు. ఇన్ని దేశముల గొంతులు, ఇన్ని రీతుల వాద్యములు కలగూరగంప కాకుండుటకు కారణము కథ యొక్కటియే. ఎవరికి వారు తమ పాత్ర యెవరో, ఆనాటి దినము ఎన్నవదో యెరిగి పాడిరి. 2015లో దీనిని రాటర్‌డామ్ నగరమున రంగస్థలముపై నాటకముగ ప్రదర్శించినప్పుడు, మొదట పాడినవారిలో పెక్కురు వచ్చి యొక్క వేదికపై నిలిచిరి. పదునొకండేండ్ల పిమ్మట పాట ముక్కలు తమ మనుష్యులను దెచ్చి యొక్కచోట గూర్చినవి!

ఇప్పుడు మా మనస్సులోని యసలు మాట చెప్పెదము. దూరపు పని కుదురుటకు యంత్రముకంటె ముఖ్యమైనది మరియొకటి గలదు. గిబర్డు చేతికి వచ్చిన టేపును అతడు కత్తిరించెనని చెప్పితిమి గదా. తాను రాత్రింబవళ్లు గూర్చి పంపినది కత్తెరపడి తిరిగివచ్చినప్పుడు టాంబొరెల్లో అలిగి కూర్చున్నచో ఆ ఆల్బము పుట్టియుండదు. పంపునప్పుడు 'ఇది నాది' యను మమకారమును కొంత విడువవలెను. అందుకొన్నవారు 'ఇది వారిది' యను గౌరవమును కొంత నిలుపుకొనవలెను. ఈ రెండును ఎదురెదురుగ నున్నప్పుడు చిరునవ్వుతో సాగిపోవును. దూరమున చిరునవ్వు కానరాదు గావున, మనస్సులో ముందే స్థిరపరచుకొనవలెను.

మన మహాభారతమును తలచుకొనుడు. రాజమహేంద్రవరమున పదునొకండవ శతాబ్దిలో నన్నయభట్టారకుడు మొదలుపెట్టెను. నెల్లూరున పదుమూడవ శతాబ్దిలో తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని ముగించెను. నడుమ అరణ్యపర్వములో మిగిలియున్న భాగమును పదునాల్గవ శతాబ్దిలో ఎర్రాప్రగడ పూరించెను. మువ్వురును ఒకరినొకరు చూచినవారు కారు, చూచుట యసంభవము. ఐనను ఎర్రన తాను పూరించిన భాగమును తన పేర నడపక రాజరాజనరేంద్రున కంకితముగ, నన్నయ చెప్పినట్లుగనే నడపెను. మొదట నన్నయ పోకడతో నెత్తుకొని, పోగా పోగా తిక్కన పోకడకు గొనివచ్చెనని పెద్దలు చెప్పుదురు. ఇరుప్రక్కల బట్టను జూచి దారపు రంగు నెన్నుకొనుట యన నిదియే. అతుకు కానరాకుండుట చేతి నేర్పువలన గొంతయు, వినయమువలన నధికమును అగును.

ఐతే ఈ పద్ధతిలో లోపము లేదా? కలదు. దాచి చెప్పుట మాకు సమ్మతము కాదు. కచేరిలో గాయకురాలు అనుకోకుండ నొక సంగతి వేయగా మృదంగము దానిని పట్టుకొని యెగురును. ఆ క్షణపు పులకరింత పొట్లములో రాదు. మరియొకటి మరింత పెద్దది. దూరపు పనిని ఆపుట సులభము. ఎదుట వేచియుండువారు లేరు గావున 'రేపు చూతము' అను మాటకు అడ్డులేదు. ది పోస్టల్ సర్వీసువారి రెండవ ఆల్బమునకై శ్రోతలు వేచియుండిరి. వారు కొంత ప్రయత్నించిరికూడ. కాని ఎవరి ముఖ్యబృందముల పని వారికి మీదబడెను. 2013లో పదేండ్ల పండుగకు పాత ఆల్బమును మరల వెలువరించుచు రెండు క్రొత్త పాటలను జేర్చిరి, అంతియే. 2023లో నిరువది యేండ్ల పండుగకు ఊరూరు తిరిగి పాత పాటలనే పాడిరి. అప్పటికిని రెండవ ఆల్బము లేదు. అంతటి ప్రజ్ఞావంతులకే యిట్లయినచో, చేతినిండ సంసారపు పనులున్న మనకు 'రేపు' ఎంతటి శత్రువో వేరుగ జెప్పనేల?

కావున మీలో నెవరైన అక్కచెల్లెండ్రు గూడి, ఊర్మిళాదేవి నిద్ర వంటి యొక పొడుగైన పాటనుగాని, మీ యింటి పెండ్లిపాటల వరుసనుగాని ఇట్లు నిలుపదలచినచో, మాకు దోచిన కొన్ని నియమములను వ్రాయుచున్నాము.

మొదటిది, కథను ముందుగ పంచుకొనుడు. ఎవరు ఏ చరణమునుండి ఏ చరణమువరకు పాడవలెనో కాగితముపై వ్రాసి అందరకు పంపుడు. పాఠభేదములున్నచో తగవు పడక, పెద్దవారు పాడు పాఠమును ప్రధానముగ నుంచి రెండవదానిని వేరుగ వ్రాసి దాచుడు.

రెండవది, శ్రుతియు కాలమును ఒక్కటిగ నుండవలెను. అందరి గొంతులకు నొదుగు నొక శ్రుతిని నిర్ణయించి, సెల్‌ఫోనులోని తంబూరాను అందరును ఆ శ్రుతికే పెట్టుకొనుడు. తాళపు టిక్కుటిక్కును చెవిలో మాత్రము వినుచు పాడినచో వేగము చెదరదు. ఆ చప్పుడు పాటలోనికి ఎక్కదు. పాటకు ముందొక చప్పట్లు కొట్టి యుంచుడు. కూర్చువారికి ముక్కల నెచ్చట నానించవలెనో దాని గుర్తు తెలియును.

మూడవది, గదిని జూచుకొనుడు. పంకాను ఆపుడు, కుక్కరు కూతకు దూరముగ నుండుడు. ఖాళీగోడల నడుమ గొంతు మ్రోగును. పరుపులు, దుప్పట్లు, బట్టల బీరువా గల గది మేలు. బట్ట ప్రతిధ్వనిని పీల్చుకొనును.

నాలుగవది, కూర్చు పని నొక్కరికే యప్పగింపుడు. చదువుకొనుచున్న కూతురో మేనకోడలో కంప్యూటరుపై ఈ పని నేర్చియుండవచ్చును. ఆమె కత్తిరించినచో అలుగమని యందరును ముందే మాట యిచ్చికొనుడు. వచ్చిన ముక్కలను ఉన్నవి యున్నట్లుగ రెండు వేరు చోట్ల భద్రపరచుడు.

ఐదవది, దినమును నిర్ణయింపుడు. ఈ పున్నమకు ఒకరిది, వచ్చు పున్నమకు మరియొకరిది. గడువు లేని పని గట్టెక్కదని మీకు మేము చెప్పవలెనా? పాట యెరిగిన పెద్దవారు జీవించియున్నచో వారి భాగమునే మొదట తీసికొనుడు. గొంతు వణికినను, చరణము మరచినను సరే, దానిని సవరింపకుడు.

ఆరవది, పేర్లు వ్రాయుడు. ఎవరు పాడిరి, ఎవరివద్ద నేర్చిరి, ఏ యూరు, ఏ సంవత్సరము, కూర్చినదెవరు అను వివరములన్నియు పాటతోడ నుండవలెను. మన స్త్రీల పాటలలో నెన్నింటికో కట్టినవారి పేర్లు దక్కలేదు. రేపు పదిమందికి వినిపించినపుడు రాబడి వచ్చునేని దాని భాగములనుగూడ ముందే మాటలాడుకొనుట మేలు. పాట నిలిచి బంధుత్వము తెగుట యెవరికిని వలదు.

ఇందుకు గావలసిన సాధనము నేడు చాలమంది యిండ్లలో చేతిలోనే యున్నది. ఒకప్పుడు స్టూడియో యద్దెకు తీసికొని, కంపెనీవారి దయకై వేచియుండవలసిన పనిని సెల్‌ఫోనుగల యే గృహిణియైనను మధ్యాహ్నపు వేళ గది తలుపు మూసికొని చేయవచ్చును. లాస్ ఏంజిలిస్, సియాటిల్ నగరముల నడుమ టేపుల పొట్లము నడచినట్లు, నెల్లూరు, కరీంనగరము, బెంగుళూరు, డల్లాసు నగరముల నడుమ మీ యమ్మగారి పాటయు నడవగలదు. పెద్దదాని మొదటి భాగము, రెండవదాని నడిమి చరణములు, కడగొట్టుదాని మంగళము మరల నొక్కటి కావచ్చును.

వచ్చు శుక్రవారము దీపము పెట్టిన పిమ్మట మీ తోబుట్టువులలో నొకరికి ఫోను చేసి, 'అమ్మ పాటలో నీకెంతవరకు వచ్చును?' అని యడుగుడు. జవాబు వచ్చినచో మాకును వ్రాయుడు.